కూత ముందు, పట్టు చివర

సంక్రాంతి వస్తే గోదావరి ఊళ్ల గురించి లోకం చెప్పుకునేది కోడిపందేల మాటే. బడి ఆవరణలోనో, కోత అయిన చేలోనో సున్నం గీతలు గీసి ఆడే చెడుగుడు మాట ఎత్తేవాళ్లు తక్కువ. రాజమహేంద్రవరం చుట్టుపక్కల ఆ బరిలో పెరిగిన కుర్రాడికి మోకాలి ఆపరేషన్ అయిందంటే, ఊరంతా అడిగే ప్రశ్న ఒకటే: ‘పండక్కి దిగుతావా?’ జవాబు పంచాంగంలో వెతికితే ప్రమాదం. ఆటలోనే వెతకాలి.

కూతకెళ్లినవాడు మధ్య గీత నుంచి కనీసం 3.75 మీటర్లు లోపలికి వెళ్లి బాక్ లైన్ దాటాలి, లేదా ఎవరినైనా తాకాలి. 30 సెకన్లలో తిరిగి రావాలి. వెళ్లడం కన్నా తిరిగి రావడంలోనే మోకాలికి పరీక్ష. పాదం నేలను కరుచుకుని ఉండగా ఒళ్లు మెలితిరిగితే మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగవచ్చు. చీలమండ దొరకబుచ్చుకున్న డిఫెండర్ పట్టులో కాలు ఇరుక్కున్నా అంతే. టప్‌మన్న చప్పుడు చాలామందికి స్వయంగా వినపడుతుంది.

ఈ విషయంలో పాత బరికి ఉన్న తెలివి నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. మట్టిలో పశువుల ఎరువు, రంపపు పొట్టు కలిపి గుల్లగా ఉంచిన నేలను కబడ్డీ నియమావళి కూడా గుర్తించింది. అలాంటి నేలమీద పాదం కాస్త జారుతుంది, మెలిక మొత్తం మోకాలి మీద పడదు. ఇప్పటి మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది. వేగం పెరుగుతుంది, ఆ వేగానికి మూల్యం చెల్లించేది మోకాలే. హ్యాండ్‌బాల్ క్రీడాకారిణుల్లో చెక్క నేలకన్నా కృత్రిమ నేలమీద ఏసీఎల్ గాయాలు ఎక్కువని నార్వే పరిశోధకులు 2003లో చూపారు. అందుకే తిరిగి ఆడేవాడు మొదటి మలుపులు గుంటల్లేని మెత్తటి మట్టిలో తిరగడమే మేలని నా నమ్మకం.

ఆపరేషన్‌లో డాక్టర్లు తెగిన లిగమెంట్ స్థానంలో సాధారణంగా తొడ వెనక స్నాయువునో, మోకాలిచిప్ప కింది స్నాయువునో అమరుస్తారు. అది పెట్టిన రోజు గట్టిగానే ఉంటుంది. ఆ తర్వాత కొన్ని వారాలకు బలహీనపడి, కొత్త రక్తనాళాలు అల్లుకున్నాక మెల్లగా లిగమెంట్‌గా మారుతుంది. సరిగ్గా అది బలహీనంగా ఉన్న రోజుల్లోనే నొప్పి తగ్గి, వాపు పోయి, ‘బాగైపోయింది’ అనిపిస్తుంది. ఈ ఒక్క మాట ప్రతి కోచ్‌కూ, ప్రతి తల్లికీ తెలియాలి.

చెడుగుడులో ఉన్న విద్యలనే ఒక వరసలో పెట్టుకుంటే తిరుగు దారి కనిపిస్తుంది. మొదటిది కూత. దానికి కాలితో పనిలేదు. మంచం మీద తొడ బిగించే వ్యాయామం చేస్తూనే దమ్ము నిలబెట్టుకోవచ్చు. ఫిజియోథెరపిస్టు సరేనన్నాక గీత వెంబడి అడుగులు, పక్క అడుగులు, ఎదురు మనిషి లేకుండా. తర్వాత టో టచ్. ఒక కాలు చాచి తాకుతుంటే, వంగిన రెండో కాలు ఒంటి బరువంతా మోస్తుంది. ఆపైన బోనస్. ఒక పాదం బోనస్ గీత అవతల ఆనాలి, వెనక పాదం గాల్లో ఉండాలి. ఆపరేషన్ అయిన కాలిమీద అది నిబ్బరంగా చేయగలిగితే ఆ కాలిని కొంత నమ్మవచ్చు. క్లినిక్‌లో ఒంటికాలి గెంతు దూరాన్ని, తొడ బలాన్ని రెండో కాలితో పోల్చితే కనీసం 90 శాతం రావాలంటారు. బోనస్ ఆ కొలతకు బదులు కాదు, తోడు.

పట్టు మాత్రం అన్నిటికన్నా చివర. కూతలో మలుపు ఎప్పుడు తిరగాలో మన చేతిలో ఉంటుంది. పట్టులో ఎదుటివాడి బరువు ఎటు పడుతుందో ముందు తెలియదు. చేతులు కలిపి గొలుసుగా నిలబడ్డప్పుడు పక్కవాడి లాగుడు కూడా మన మోకాలి మీదే.

అవుటైనవాడు అవతలి జట్టులో ఒకరు అవుట్ కాగానే మళ్లీ లోపలికి వచ్చే పద్ధతిని సంజీవని అనేవారు. నేటి కబడ్డీలో నిలిచింది ఆ పద్ధతే. కానీ మోకాలికి వేరే లెక్క ఉంది. తొమ్మిది నెలల వరకు ఆట వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే ముప్పు దాదాపు సగానికి తగ్గిందని 2016లో వచ్చిన మరో నార్వే అధ్యయనం చెప్పింది. జూన్ మధ్యలో ఆపరేషన్ అయినవాడికి సంక్రాంతి నాటికి నిండేది ఏడు నెలలే. ఆ పండక్కి అతణ్ణి గీత బయట నిలబెట్టి, అవతలి జట్టులో ఎవరు ఏ కాలిమీద తిరుగుతున్నారో చూసి చెప్పమనండి. వేసవి పోటీలకు పేరు రాసుకోండి.