పౌలు అపొస్తలత్వానికి సాక్షులెవరు?

క్రైస్తవ మతాన్ని గూర్చి మనవారు వ్రాసే వ్యాసాలలో పౌలు ప్రస్తావన తప్పనిసరి. హజ్రత్ ఈసా (అ) బోధను మార్చివేసినవాడని ఒక్క వాక్యంలో తేల్చి ముందుకు సాగిపోతారు. క్రైస్తవ పండితులకేమో ఆయన పేతురుతో సమానుడైన అపొస్తలుడు. తీర్పు ఏదైనా, ముందు సాక్ష్యం చూడాలి కదా!

పౌలు పన్నెండుమంది హవారీలలోనివాడు కాడన్నది ఉభయులూ అంగీకరించిన విషయమే. యూదా స్థానంలో మరొకరిని ఎన్నుకొనే సందర్భంలో, యోహాను బాప్తిస్మం నాటినుండి తమతో కలిసి తిరిగినవాడే తగినవాడని పేతురు షరతు పెట్టినట్లు అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం చెబుతుంది. ఆ షరతు ప్రకారం పౌలుకు అర్హత లేదు. ఆయనను అంతగా గౌరవించిన ఆ గ్రంథకర్త సైతం అపొస్తలుడన్న పేరు ఆయనకిచ్చింది పదునాలుగవ అధ్యాయంలోనే. అదీ బర్నబాతో కలిపి.

దమస్కు మార్గంలోని దర్శనాన్ని ఆ గ్రంథమే మూడుసార్లు చెబుతుంది. వెంట ఉన్నవారు స్వరం విన్నారని ఒకచోట, వినలేదని మరొకచోట ఉంది. మన వాదప్రియులకు ఇది మహా ఇష్టమైన అంశం. నా దృష్టిలో చిన్నది. వారు విన్నా వినకపోయినా, తనకు అందిన ఆదేశానికి సాక్షి పౌలు ఒక్కడే.

అసలు బలమైన ఆధారం గలతీయులకు వ్రాసిన పత్రిక. క్రీ.శ. 50 ప్రాంతంనాటిది; పౌలు స్వహస్త రచనేనని పరిశోధకులు దాదాపు ఏకగ్రీవంగా అంగీకరిస్తారు. తాను యెరూషలేము వెళ్ళి పేతురు వద్ద 15 దినాలున్నాననీ, 14 ఏండ్ల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు యాకోబు, కేఫా, యోహాను తనకు కుడిచేయి ఇచ్చారనీ అందులో వ్రాశాడు. ముహద్దిసు అయితే వెంటనే అడుగుతాడు: ఈ వార్తకు రావీ ఎవరు? పౌలే. ఆ ముగ్గురి మాట మనకు నేరుగా అందలేదు. పేతురు పేరిట ఉన్న రెండవ పత్రికలో పౌలు ప్రశంస ఉన్నమాట నిజమే. కాని అది పేతురు రచన కాదని నేటి పరిశోధకులలో అధిక సంఖ్యాకుల అభిప్రాయం.

అంతమాత్రాన దానిని కల్పన అనలేము. అదే పత్రికలో, అంతియొకయలో పేతురును ముఖాముఖి నిలదీశాననీ, బర్నబా కూడా అవతలి పక్షం చేరాడనీ చెప్పుకొన్నాడు. పెద్దల మద్దతును కల్పించుకొనేవాడు ఈ సంగతి బయటపెట్టడు. పైగా అతని ప్రత్యర్థులు యెరూషలేములో విచారించగల కాలమది.

మన పూర్వికులూ ఈ విషయంలో ఏకాభిప్రాయులు కారు. ఖాజీ అబ్దుల్ జబ్బార్ హిజ్రీ 4వ శతాబ్దంలో పౌలును తీవ్రంగా ఖండించాడు. అంతకు పూర్వుడైన ఇబ్న్ ఇస్‌హాఖ్ మాత్రం, పేతురుతోపాటు రోముకు పంపబడినవానిగా పౌలును పేర్కొని, అతడు అనుచరుడే గాని హవారీ కాడని స్పష్టం చేశాడు. పై ఆధారాలకు ఈ మాటే దగ్గరగా ఉంది.

కనుక పరిశీలించవలసింది చేయి కలిపారా లేదా అని కాదు, ఏ షరతుపై కలిపారని. బీదలను జ్ఞాపకం చేసుకొమ్మని తప్ప మరేమీ కోరలేదంటాడు పౌలు. కార్యములు పదిహేనవ అధ్యాయమేమో విగ్రహాలకర్పించినది, రక్తం, గొంతు పిసికి చంపినది, వ్యభిచారం వర్జించాలని అన్యజనులకు ఆజ్ఞ వెళ్ళిందంటుంది. విగ్రహార్పిత మాంసాన్ని గూర్చి కొరింథీయులకు అంత విపులంగా వ్రాసిన పౌలు, ఆ ఆజ్ఞను ఒక్కసారి కూడా పేర్కొనలేదు.