పటం కట్టిన శాంతి

శాంతి బొమ్మ గియ్యమంటే మన పల్లెల్లో, తండాల్లో పిల్లలు గీసేది దాదాపు ఒకటే. పైన పావురం, కింద ఓంకారం, నెలవంక, శిలువ. గోడ మీద రాసినా, పటం కట్టి గదిలో తగిలించినా అదే బొమ్మ. ఉద్దేశం మంచిదే. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన బొమ్మను పరీక్ష చెయ్యకుండా వదిలెయ్యనక్కరలేదు. ఇలాంటి బొమ్మల గురించి మేము అడిగేవి రెండు ప్రశ్నలు. బొమ్మ ఎక్కడ ఉంది? బొమ్మలో ఎవరున్నారు?

ఈ తరహా బొమ్మల్లో ప్రపంచమంతా తిరిగినది 'కోఎగ్జిస్ట్' అనే ఒక్క ఇంగ్లీషు మాట. కలిసి బతకడం అని అర్థం. అందులో సి అక్షరం బదులు నెలవంక, ఎక్స్ బదులు యూదుల నక్షత్రం, టి బదులు శిలువ ఉంటాయి. పోలండు చిత్రకారుడు ఒకరు 2000 ప్రాంతంలో జెరూసలేంలోని ఒక మ్యూజియం కోసం దీన్ని పోస్టరుగా వేశారు. 2015 జనవరిలో పారిస్‌లో షార్లీ హెబ్డో పత్రిక ఆఫీసు మీద, యూదుల దుకాణం మీద దాడులు జరిగాక, కాంబో అనే వీధి చిత్రకారుడు అదే మాటను ఆ ఊరి గోడలకెక్కించాడు. అతని తండ్రి లెబనాన్ క్రైస్తవుడు, తల్లి మొరాకో ముస్లిం. ఆ నెలాఖరులో నలుగురు యువకులు వచ్చి తీసెయ్యమన్నారు. అతను తియ్యనన్నాడు. కొట్టారు, భుజం కీలు తప్పింది. అయినా ఆ మాటను అతను వదల్లేదు.

బొమ్మగా చూస్తే దీనిలో బలం ఉంది. ఒక్క గుర్తు తీసేస్తే మాట విరిగిపోతుంది. ఎవరిని వెళ్లగొట్టినా మిగిలినవాళ్లకు అర్థం మిగలదని, ఉపన్యాసం లేకుండా చదువరి కంటికే తెలుస్తుంది. రెండో బలం, అది ఉన్న చోటు. దెబ్బలు తినే వీధిలో ఉంది కాబట్టి ఆ మాటకు విలువ వచ్చింది. అదే మాటను పటం కట్టి, అప్పటికే ఒప్పుకున్నవాళ్ల ఇంట్లో తగిలిస్తే ఎవరినీ ఏమీ అడగదు. గోడకు అందం ఇస్తుంది, అంతే.

వీధిలో నుంచి పటంలోకి వచ్చినప్పుడు ఏం పోతుందో తెలుసుకోవడానికి పారిస్ దాకా పోనక్కరలేదు. ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ అంటే ఒకప్పుడు తెర, వెనక దీపం, పాట, తెల్లవార్లూ జనం. రాముడు, రావణుడు ఆడుతుంటే మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరి పెద్దల్నీ, దేవుళ్లనీ కూడా ఆటపట్టించేవాళ్లు. ఇప్పుడు ఆటలు తగ్గి, కళాకారులు బతకడం కోసం గోడ పటాలు, దీపాల గొట్టాలు చేస్తున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, అది వాళ్ల కూడు. కానీ మేము చూసిన పటాల్లో దేవుళ్లే ఉన్నారు, పోలిగాడు లేడు. పటం దేవుణ్ణి నిలబెట్టుకుంది, నవ్వునూ ప్రశ్ననూ బయట వదిలేసింది.

ఇక రెండో ప్రశ్న. కోఎగ్జిస్ట్‌లో మూడు మతాలున్నాయి. మన జిల్లా కేంద్రం పుట్టపర్తిలో 1975లో కట్టిన సర్వధర్మ స్తూపం మీద ఐదు మతాల గుర్తులున్నాయి. మూడు ఐదయినా లెక్క ఒకటే. గుర్తు ఉన్న మతానికే చోటు. సుగాలీల మేరమ్మకు, గ్రామాల పొలిమేరల్లో రాయిగా నిలిచిన అమ్మలకు, ఎరుకల అవ్వ సోది చెప్పేటప్పుడు తలుచుకునే దేవతలకు అలాంటి అచ్చు గుర్తు లేదు. గుర్తు లేనివాళ్లకు శాంతి బొమ్మలో చోటు లేదు, కాగితాల్లోనూ లేదు. 2011 జనగణనలో ఆరు మతాలకే కోడ్ ఉంది. మిగిలినవారంతా 'ఇతరులు'. అలా ఇతరులుగా లెక్కకెక్కినవాళ్లు దేశంలో సుమారు 79 లక్షలు, అందులో సర్నా అని రాయించుకున్నవాళ్లే 49 లక్షల పైచిలుకు. విడిగా సర్నా కోడ్ కావాలని జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరులో తీర్మానం చేసింది. బడిలో పిల్లవాణ్ణి చేర్చేటప్పుడు మతం అనే గడి దగ్గర తండా తల్లిదండ్రులు ఆగిపోతారు. ఆ ఆగడాన్ని ఏ శాంతి బొమ్మా పట్టుకోలేదు.

బొమ్మలో మనవాళ్లు అసలే లేరా అంటే, ఉన్నారు. హిందూపురం దగ్గర లేపాక్షిలో, వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద, పదహారో శతాబ్దపు కిరాతార్జునీయం చూడండి. శివుడు అడవి వేటగాడుగా, పార్వతి వేటగత్తెగా వస్తారు. ఒకే పందిని అర్జునుడు, వేటగాడు ఇద్దరూ కొడతారు. అది ఎవరిదని పోట్లాట. చివరికి అర్జునుడు దండం పెడతాడు. రంగులు, గీతలు గొప్పవి, అందులో సందేహం లేదు. కానీ కథలో రాజీ కుదిరింది వేటగాడితో కాదు, వేషం తీసిన దేవుడితో. వాడు నిజంగా అడవివాడే అయ్యుంటే ఆ పంది ఎవరిదయ్యేది? ఈ ప్రశ్న మన పిల్లలు ఆ పైకప్పు కింద నిలబడి అడగాలి.

అయితే మనకూ ఒక గుర్తు తయారుచేసి ఆరో గడిలో పెట్టమందామా? కొందరు యువకులు అలాగే అంటున్నారు. మా అభిప్రాయం వేరు. జనగణనలో గడి అడగడం హక్కు, అడగాల్సిందే. బొమ్మలో గడి అడగడం మాత్రం మన దేవతను కూడా అచ్చు ముద్రగా మార్చడమే.

మన చుట్టూ శాంతి గుర్తుల్లో లేదు, పనుల్లో ఉంది. పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులూ పోతారు, ముస్లింలూ పోతారు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండగ చేసేది ఎక్కువగా హిందువులే. అక్కడ ఓంకారం పక్కన నెలవంకను ఎవరూ గీసిపెట్టలేదు. ఒకరు గుండం తవ్వుతారు, ఒకరు కట్టెలు తెస్తారు, ఒకరు పీరు ఎత్తుతారు. గుత్తి దగ్గర సేవాగఢ్‌లో పుట్టిన సేవాలాల్ పేరు మీద తండాలో ఎత్తే తెల్ల జెండా కూడా అలాంటిదే. జెండా కన్నా దాని కింద అందరూ పంచుకునే భోగ్ ముఖ్యం.

అందుకే ఉపాధ్యాయులకు మా సూచన. శాంతి బొమ్మ గియ్యమన్నప్పుడు గుర్తులు గియ్యమనకండి. మీ తండాలో, మీ వాడలో ఎవరు ఎవరికి నీళ్లిచ్చారో, ఎవరి పండగకు ఎవరు కట్టెలు మోశారో గియ్యమనండి. ఇంకా నీళ్లు ఇవ్వని చోటు ఉంటే దాన్నీ గియ్యనివ్వండి. ఆ బొమ్మను పటం కట్టకండి. పదిమంది నడిచే దారిలో, ఆ నీళ్లు ఇవ్వనివాళ్లు కూడా చూసే గోడ మీద పెట్టండి.