పెట్టె పగలగొట్టే పందెం

తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 125వ జయంతి పేరిట కేంద్ర ప్రభుత్వం 2015లో రెండు నాణేలు తెచ్చింది. ఒకటి పది రూపాయలది, ఇంకొకటి 125 రూపాయలది. ఈ రెండోది అంగట్లో ఇచ్చి సరుకు తెచ్చుకోవడానికి కాదు, దాచుకోవడానికి. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు, అందులో సగం వెండి. ఇలాంటి నాణేలు కొన్నవాళ్లలో కొందరు వాటిని బీరువాలో పెట్టి ఊరుకోరు. అమెరికా కంపెనీలకు పంపి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించి, పైన లేబులు మీద ఒక అంకె వేయించుకుంటారు. ఆ అంకె 70 అయితే పండగే. 69 వచ్చిందా, మనిషికి మనసొప్పదు. పట్టకారు తీసుకుని పెట్టెను పగలగొట్టి, నాణేన్ని బయటికి తీసి మళ్లీ పరీక్షకు పంపుతాడు.

ఈ పనిని నాణేలవాళ్లు క్రాక్ అవుట్ అంటారు. పెట్టెను స్లాబ్ అంటారు. నలభై ఏళ్లుగా నడుస్తున్న విద్య ఇది. బయటివాళ్లకు పిచ్చిపనిలా కనిపిస్తుంది. డబ్బిచ్చి వేయించుకున్న సీలును డబ్బిచ్చి మళ్లీ వేయించుకోవడానికి పగలగొట్టడమేమిటని అడుగుతారు. అడగడం న్యాయమే. అయితే ఈ పనిలో కొంత లెక్క ఉంది, బోలెడంత నేర్పు ఉంది, అంతకు మించి జూదం ఉంది.

అంకె సంగతి ముందు చూద్దాం. విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1949లో పాత అమెరికా పెద్ద సెంట్ల మీద పుస్తకం వేస్తూ 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద పెట్టాడు. అది మొదట ధరల లెక్క. గుర్తుపట్టడానికి మాత్రమే వీలయ్యే అరిగిన నాణెం ఒక వంతయితే, లోపం లేనిది డెబ్బై వంతులు పలుకుతుందన్నది అందులోని ఊహ. ధరలు ఆ లెక్కను ఎప్పుడో దాటిపోయాయి, అంకెలు మాత్రం మిగిలాయి. 60 నుంచి పైవన్నీ చెలామణిలో చేతులు మారనివి. 1985లో కొందరు వ్యాపారులు కలిసి పీసీజీఎస్ కంపెనీ పెట్టారు. 1987లో ఎన్‌జీసీ వచ్చింది. అమ్మేవాడు తన సరుకుకు తానే మార్కులు వేసుకునే కాలం పోయి, మూడో మనిషి మార్కులు వేసే కాలం వచ్చింది. కొనేవాళ్లకు ధైర్యం కలిగింది. ఉత్తరాల ద్వారా, ఫోన్ల మీద కూడా బేరాలు జోరుగా సాగాయి.

మార్కులు వేసేది మాత్రం మనుషులే. ఇద్దరో ముగ్గురో గ్రేడర్లు దీపం కింద నాణేన్ని కొద్ది క్షణాలు అటూ ఇటూ తిప్పి చూసి అంకె చెబుతారు. నాణెం రెండు అంకెల నడిమి గీత మీద నిలబడి ఉంటే సోమవారం 64 అన్నవాళ్లే గురువారం 65 అనవచ్చు. ధరల నిచ్చెనలో మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు. 63కీ 64కీ తేడా చాయ్ ఖర్చంత ఉండి, 64కీ 65కీ రెట్టింపు ఉండే నాణేలున్నాయి. ఆ ఎత్తైన మెట్టు దగ్గరే క్రాక్ అవుట్ పుట్టింది.

ఊరికే ఒక లెక్క వేద్దాం. 64లో ఇరవై వేలు పలికే నాణెం 65లో నలభై ఐదు వేలు పలుకుతుందనుకోండి. మళ్లీ పంపడానికి ఫీజు, రానూపోనూ ఖర్చు, బీమా కలిపి ఆరు వేలు. అయిదుసార్లు పంపితే ఒక్కసారి పైమెట్టు దక్కుతుందనుకుంటే ఖర్చు ముప్పై వేలు, లాభం పాతిక వేలు. అంటే చేతినుంచి అయిదు వేలు పోయినట్టే. ఇందులో 63కు దిగిపోయే ప్రమాదాన్ని ఇంకా కలపలేదు. మూడింట ఒకసారైనా గెలుస్తానని కన్ను చెబితేనే ఇది వ్యాపారం. ఆ నమ్మకం లేకపోతే సరదా. కాబట్టి ఈ విద్యలో మొదటి పనిముట్టు పట్టకారు కాదు, దీపం. గది చీకటి చేసి, ఒక్క బల్బు వెలుగులో నాణేన్ని మెల్లగా వంచుతూ చూడాలి. అచ్చుపడినప్పుడు లోహం బయటికి పారిన జాడ వెలుగు గీతై నాణెం చుట్టూ తిరుగుతుంది. అది ఎక్కడ తెగితే అక్కడ అరుగుదలో, తుడిచిన గుర్తో ఉన్నట్టు. జార్జి రాజుల రూపాయల మీద రాజుగారి చెంప, కిరీటం అంచు ముందు చూడాలి. ఎత్తుగా ఉండేవి అవే, దెబ్బ తగిలేదీ వాటికే. చెంప మీది చిన్న గీత ఖాళీ స్థలంలోని పెద్ద గీత కన్నా ఎక్కువ మార్కులు తినేస్తుంది.

ఇక పగలగొట్టడం. స్లాబ్‌లో రెండు గట్టి ప్లాస్టిక్ పలకలుంటాయి. అంచులను జిగురుతో కాకుండా అతిధ్వని కంపనంతో కరిగించి ఒకటి చేస్తారు. లోపల నాణెం చుట్టూ ఒక పట్టు ఉంటుంది. పీసీజీఎస్‌ది పారదర్శకమైన వలయం, ఎన్‌జీసీది తెల్లటిది. కొత్తవాళ్లు నేరుగా సుత్తి ఎత్తుతారు. దెబ్బ నడుమన పడితే పలక లోపలికి విరిగి నాణేనికే తగులుతుంది. అలవాటైనవాళ్లు మేకులు పీకే అడ్డమూతి పట్టకారు వాడతారు. లేబులు ఉన్న వైపు మూలను, అంటే నాణేనికి దూరంగా ఉన్న మూలను, కొద్దిగా కొరికిస్తారు. టప్పుమని అతుకు విచ్చుతుంది. ఇంకో మూల కూడా అలాగే. ఆ సందులో పలచని స్క్రూడ్రైవర్ మొన ఆనించి తిప్పితే పలకలు వేరవుతాయి. మొన లేబులు వైపే ఉండాలి, నాణెం వైపు ఒక్క వెంట్రుకవాసి కూడా పోకూడదు. అంతా మందపాటి తువాలు పరిచి, దాని మీదే చెయ్యాలి. కళ్లకు అద్దాలు తప్పవు, పెంకులు ఎటు ఎగురుతాయో చెప్పలేం. 35 గ్రాముల నాణెం గచ్చు నేల మీద పడి అంచు సొట్టపోతే 69 నుంచి 70 సంగతి దేవుడెరుగు, ఉన్న అంకె కూడా ఊడుతుంది.

బయటికొచ్చిన నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి. పీవీసీ లేని కవరులో వెయ్యాలి. పీవీసీ కవర్లలో కొన్నాళ్లుంటే ఆకుపచ్చ జిగట పట్టి నాణెం పాడవుతుంది. అసలైన చేటు మాత్రం ఈ క్షణంలోనే మనసులో పుడుతుంది. చేతిలో వట్టి నాణెం ఉంది, కొంచెం నల్లబడింది, తోమితే పోతుంది కదా అనిపిస్తుంది. మన ఇళ్లల్లో వెండి సామాను విభూదితో తోముతారు, చింతపండుతో రుద్దుతారు. కుందులకు అది మేలే. నాణేనికి మాత్రం ఉరి. తోమిన వెండి మీద సన్నటి సమాంతర గీతలు పడతాయి, గ్రేడరు కంటికి అవి మొదటే దొరుకుతాయి. ఇక అంకె రాదు, 'తోమినది' అని వివరం మాత్రం రాసి పంపిస్తారు. లోహానికి ముట్టకుండా జిడ్డు తీయాలంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయడం ఒక్కటే, అదీ రుద్దకుండా.

పాత లేబులును పారెయ్యకూడదు. కంపెనీలు ఏ నాణెం ఏ గ్రేడులో ఎన్ని చూశామో లెక్క ప్రకటిస్తాయి. పగలగొట్టినవాడు లేబులు తిరిగి పంపకపోతే ఆ లెక్కలో అదే నాణెం రెండోసారి, మూడోసారి కూడా కొత్త నాణెంగా చేరుతుంది. 64లో పన్నెండు ఉన్నాయని పట్టికలో కనిపిస్తే, నిజానికి ఎనిమిదే ఉండి, వాటిలో రెండు చెరి రెండుసార్లు తిరిగొచ్చి ఉండవచ్చు. ఈ విద్య వల్ల మార్కెట్‌కు జరిగిన పెద్ద హాని ఇదే అని నా అభిప్రాయం. మేలు కూడా లేకపోలేదు. మొదటి రోజుల పీసీజీఎస్ పెట్టెల్లో గట్టిగా మార్కులు వేసిన మంచి నాణేలు తక్కువ అంకెలతో చిక్కుకుపోయి ఉండేవి. వాటిని వెతికి విడిపించినవాళ్లు గ్రేడర్ల కన్నా బాగా చూడగలమని నిరూపించారు. వింతేమిటంటే ఇప్పుడా తొలినాటి పెట్టెలకే గిరాకీ. ఊపితే నాణెం గలగలమంటుందని వాటిని 'రాట్లర్' అంటారు. రాట్లర్‌ను పగలగొట్టడం ఇవాళ తెలివితక్కువ.

కంపెనీలు కూడా ఊరుకోలేదు. పగలగొట్టే పని లేకుండా పెట్టెతో సహా పంపితే వాళ్లే తీసి మళ్లీ చూసే రీగ్రేడ్ ఉంది. వేరే కంపెనీ పెట్టెలోని నాణేనికి క్రాసోవర్ ఉంది. ఇంత అంకెకు తగ్గితే తెరవొద్దు అని మనమే షరతు పెట్టవచ్చు. 2010లో గ్రేడుకు ప్లస్ గుర్తు వచ్చింది. అదే ఏడు పీసీజీఎస్ నాణేలను లేజరుతో స్కాన్ చేసి, పగలగొట్టి తెచ్చినవాటిని గుర్తుపట్టే పద్ధతి మొదలుపెట్టింది. 2007లో మొదలైన సీఏసీ అనే సంస్థ అయితే పెట్టె తెరవకుండానే, గ్రేడుకు తగిన నాణేలకు పచ్చ స్టిక్కరు అంటిస్తోంది. ఇన్ని దారులున్నా పగలగొట్టేవాళ్లు పగలగొడుతూనే ఉన్నారు. పాత అంకె కంటపడితే గ్రేడరు మనసు దానికే లొంగుతుందని వాళ్ల అనుమానం. అది పూర్తిగా తప్పని చెప్పలేను.

ఇక మన వైపు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనిదే. ఇప్పుడు తిరువళ్లూరు జిల్లాలో ఉన్నా ఇళ్లల్లో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. ఈ నేల నాణేలకు పుట్టిల్లు లాంటిది. ఇటు చంద్రగిరిలో విజయనగర రాజు వేంకటపతిరాయలు వేంకటేశ్వరుడి బొమ్మతో వరహాలు వేయించాడు. అటు మద్రాసులో ఈస్టిండియా కంపెనీ టంకశాల మూడు స్వాముల వరహాలు, నక్షత్ర వరహాలు కొట్టింది. ఒక నక్షత్ర వరహాకు 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసులు. రూపాయల్లో మూడున్నర. 1818లో రూపాయి వచ్చి వరహాను తోసేసింది. మద్రాసు టంకశాల 1869లో మూతపడింది. 1807 తర్వాత అక్కడ కొట్టిన వెండి అరవరహా మీద ఒకవైపు గోపురం, చుట్టూ ఇంగ్లీషు, ఫారసీ అక్షరాలుంటాయి. రెండోవైపు స్వామి, చుట్టూ తమిళం, తెలుగు. చాలావాటిని స్పానిష్ డాలర్ల మీదే అచ్చుకొట్టారు. గోపురం కింద స్పెయిన్ రాజు ముఖపు గీత ఒక్కోసారి లీలగా కనిపిస్తుంది. అది లోపం కాదు, ఆ నాణెం పుట్టుక. గ్రేడరుకు మాత్రం ఆ గీత దెబ్బో, పాత అచ్చో తేల్చడం కష్టం. అందుకే వీటికి ఒక పరీక్షలో వచ్చిన అంకె ఇంకో పరీక్షలో రాకపోవచ్చు. పగలగొట్టేవాళ్లకు ఇంతకన్నా రుచికరమైన సరుకేముంటుంది!

కానీ మన చేతికి ఆ పందెం రాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థకూ తప్ప వేరెవరికీ లేదు. పొలం దున్నుతుంటే కుండలో వరహాలు దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు చెప్పాలి. కనుక తెలుగు అక్షరాలున్న అరవరహా గ్రేడింగు పెట్టెలో కనిపించిందంటే సాధారణంగా అది ఎప్పుడో ఓడెక్కి ఇంగ్లండు, అమెరికాలకు చేరినదే. దాన్ని అక్కడివాళ్లు పగలగొట్టుకుంటారు, మళ్లీ వేయించుకుంటారు. మనం మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో అద్దం వెనక చూసుకుంటాం.

పాత కాసులపేర్లది ఇంకో కథ. కొన్నింటిలో అసలైన సవరన్లే ఉంటాయి. 7.98 గ్రాముల 22 క్యారట్ల బంగారం. 1918లో బొంబాయిలోనే కొట్టినవీ ఉన్నాయి, వాటి మీద చిన్న 'ఐ' అక్షరం ఉంటుంది. పేరు తెగి కుదువ షాపుకో, కంసాలి దగ్గరికో చేరితే కొక్కెం తీసి బిళ్లను విడిగా అమ్ముతారు. కొక్కెం అతికిన చోట కాల్చిన రంగు, ఆకురాయి పెట్టిన గీత ఉంటాయి. ఎంత నేర్పుగా చెరిపినా అంచు మీది గాట్లు అక్కడ వరస తప్పుతాయి. నూరేళ్లు నిండనిదాన్ని గ్రేడింగుకు పంపినా 'కొక్కెం తీసినది' అనే వస్తుంది. అలాంటి స్లాబ్‌ను అంకె కోసం పగలగొట్టేవాడికి నేను చెప్పే మాట ఒక్కటే. ఆ బంగారాన్ని అమ్మగారి మెడలోనే ఉండనివ్వండి.

మిగిలేది జార్జి ఆరో రాజు రూపాయలు. 11.66 గ్రాములు, సరిగ్గా తులం. 1938, 1939 నాటివి 91.7 శాతం వెండి. 1940 నుంచి 1945 దాకా వెండి సగానికి పడిపోయింది, మిగతాది రాగి, నికెల్, జింకు. రాధాకృష్ణన్ 125 రూపాయల నాణెం మిశ్రమం కూడా ఇదే పాళ్లలో ఉంది. 1939 రూపాయి అరుదు, అందుకే నకిలీలూ ఎక్కువ. దానికి పెట్టె వల్ల వచ్చే విలువంతా 'అసలుది' అన్న ముద్రలోనే ఉంది. ఆ పెట్టె పగలగొడితే మళ్లీ మొదటి నుంచి అనుమానమే. అంకె ఒకటి తగ్గినా ముట్టుకోవద్దు. 1940ల రూపాయలైతే మామూలువి. వాటిలో బాగా మెరిసేవి, గ్రేడు తక్కువ పడిందని దీపం కింద ఖాయంగా తేలినవి, క్రాక్ అవుట్ నేర్చుకోవడానికి సరైనవి. పోయినా పెద్ద నష్టం లేదు.

ఐదో జార్జి రూపాయల సంగతిలో ఇంకో జాగ్రత్త ఉంది. 1911 నాటిదానిపై రాజుగారి హారంలోని ఏనుగు పందిలా ఉందని గొడవై, చాలావాటిని వెనక్కి తీసుకుని కరిగించారు. 1912 నుంచి తొండం, చెవి స్పష్టంగా చెక్కారు. ఆ 'పంది రూపాయి' నూరేళ్లు నిండకముందే పంపించి స్లాబ్ వేయించుకున్నవాళ్లు మన దేశంలోనూ ఉంటారు. ఇప్పుడు దాన్ని పగలగొడితే మళ్లీ విదేశానికి పంపే దారి లేదు. చేతిలో మిగిలేది వట్టి రూపాయి, విరిగిన ప్లాస్టిక్, ఒక పాత లేబులు. 1922 దాకా కొట్టిన ఐదో జార్జి రూపాయలన్నీ ఈ గీత దాటిపోయాయి. 1938వి 2038లో దాటుతాయి.