‘పిల్లలు చెప్పినట్లే’: బాలసాక్షి మాట, సర్కారు వకీలు, తెలుగు సాహిత్యం

వ్యాససంగ్రహం: పిల్లలపై జరిగిన నేరాల విచారణలో ప్రభుత్వ న్యాయవాది చేసే రక్షణలో అధికభాగం భాషకు సంబంధించిన పని. పిల్లల మాండలికం న్యాయస్థానపు రికార్డులోకి చేరేటప్పుడు ఏం పోతుందో, ఆ నష్టం చట్టపరంగా ఎందుకు ముఖ్యమో జనగామ ప్రాంతపు వాడుక ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కోర్టును చిత్రించిన తెలుగు రచనల్లో పిల్లల గొంతు ఎక్కడుందని ప్రశ్నిస్తుంది.

కీలకపదాలు: బాలసాక్షి, పోక్సో చట్టం, ప్రభుత్వ న్యాయవాది, తెలంగాణ మాండలికం, కన్యాశుల్కం, రావిశాస్త్రి.

ప్రస్తావన

లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం, వాడుకలో పోక్సో, 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. మేజిస్ట్రేటుగానీ పోలీసు అధికారిగానీ బాలల వాంగ్మూలాన్ని వారు చెప్పినట్లే నమోదు చేయాలని అందులోని 26వ సెక్షన్ ఆదేశిస్తుంది. అవసరమైతే అనువాదకుల సాయం తీసుకోవచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. న్యాయవాదులకు ఇది ప్రక్రియకు సంబంధించిన నియమం. భాషను చదువుకున్నవారికి మాత్రం పెద్ద ప్రశ్న. చెప్పినట్లే రాయడమంటే ఏమిటి? ఎవరి లిపిలో, ఏ తెలుగులో, ఎంతవరకు?

వాంగ్మూలం దశలో తెలుగు కొంతవరకు నిలుస్తుంది. విచారణ దశకు వచ్చేసరికి, సాక్షి తెలుగులో చెప్పినదాన్ని న్యాయమూర్తి ఇంగ్లీషులోకి మార్చి టైపు చేయించడం మన జిల్లా కోర్టుల్లో చిరకాలంగా ఉన్న వాడుక. అప్పీలు వెళ్ళేది ఆ ఇంగ్లీషు ప్రతి మీదనే. హైకోర్టు ఆ బిడ్డను చూడదు, గొంతు వినదు. రికార్డులో మిగిలిన మాటనే చదువుతుంది. 

సాహిత్యంలో కోర్టు

తెలుగు సాహిత్యంలో పిల్లలకూ కోర్టుకూ సంబంధం ఎక్కడ మొదలైందని వెతికితే ‘కన్యాశుల్కం’ (1897, 1909) దగ్గర ఆగాలి. నాటకానికి ప్రేరణ చిన్నారి సుబ్బి పెళ్ళి. కోర్టు దాకా వెళ్ళిన కేసు మాత్రం సుబ్బిది కాదు. లుబ్ధావధాన్లు పెళ్ళాడినది ఆడవేషం వేసిన కరటకశాస్త్రి శిష్యుణ్ణి. ఆ ‘పెళ్ళికూతురు’ మాయమైతే ముసలాయన మీద హత్యానేరం పడుతుంది. వకీళ్ళూ సాక్ష్యాలూ తంత్రాలూ అన్నీ అసలు పుట్టని ఒక ఆడపిల్ల చుట్టూ తిరుగుతాయి. ఉన్న పిల్లను మాత్రం ఏమంటావని అడిగినవారు లేరు. గురజాడ వ్యంగ్యం వరకట్నాలూ కన్యాశుల్కాలూ దాటి న్యాయవ్యవస్థకు కూడా తగిలేది ఇక్కడేనని నా అభిప్రాయం. నాటకం మొదటి కూర్పుకు ఏడేళ్ళ ముందే, 1890 నాటి సంరక్షకుల చట్టం 17వ సెక్షన్, తెలివిగా ఎంచుకోగల వయసున్న మైనరు ఇష్టాన్ని న్యాయస్థానం పరిగణించవచ్చని చెప్పింది. అంటే బిడ్డను అడగవచ్చునన్న ఆలోచన అప్పటికే చట్టంలో ఉంది, సమాజంలోనే లేదు.

కోర్టు లోపలి సంగతులు తెలిసి రాసినవారిలో రావిశాస్త్రి అగ్రగణ్యులు. విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేశారు. ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’ కథలో ముత్యాలమ్మ యువ వకీలు మూర్తి ఎదుట తన మాండలికంలో వ్యవస్థ మొత్తాన్ని విప్పి చూపిస్తుంది. ఆ గోడు రికార్డులోకి ఎక్కదు, వకీలు చెవిలోనే ఆగిపోతుంది. కథ బలమంతా ఆ ఆగిపోవడంలోనే ఉంది. అయితే రావిశాస్త్రి లోకంలో ముందుకు వచ్చేది ముద్దాయి, ముద్దాయి వకీలు, పోలీసు, మేజిస్ట్రేటు. ప్రభుత్వ పక్షాన నిలబడ్డ న్యాయవాదికి సొంత ముఖం ఉండదు. దీనికి చారిత్రక కారణం ఒకటి ఉంది. 1898 నాటి పాత ప్రక్రియా స్మృతి కింద మేజిస్ట్రేటు కోర్టుల్లో పోలీసు అధికారులే ప్రాసిక్యూషన్ నడపడం మామూలు. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త స్మృతి ఆ పనిని పోలీసుల చేతినుంచి తప్పించి అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు అప్పగించింది. రావిశాస్త్రి చూసిన కోర్టులో పోలీసూ సర్కారు వకీలూ ఒకటిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ తరువాత యాభై ఏళ్ళు గడిచినా మన కథ ఆ పాత బొమ్మనే గీస్తున్నది. ఆశ్చర్యపోవలసింది దీనికి.

ఒక వాక్యం, నాలుగు చిక్కులు

తరిగొప్పుల ఒకప్పటి వరంగల్ జిల్లాలోది. 2016 పునర్విభజన నుంచి జనగామ జిల్లాలో మండలకేంద్రం. జనగామకు ప్రత్యేక జిల్లా న్యాయస్థానం 2022 జూన్ 2న వచ్చింది. అంతకుముందు ఇక్కడి కుటుంబాలు పెద్ద కేసుల కోసం ఓరుగల్లు దాకా వెళ్ళవలసి వచ్చేది. దూరం తగ్గడం చిన్న మేలేమీ కాదు. భాషా దూరం మాత్రం అలాగే ఉంది. ఈ ప్రాంతపు ఎనిమిదేళ్ళ పాప ఇలా చెప్పిందనుకుందాం. ఇది ఏ కేసులోనిదీ కాదు, వాడుకమాటలతో నేను కూర్చినది: ‘మొన్న అంబటాళ్ళకు మామ నన్ను కొట్టంలకు తోల్కపోయిండు. రానంటే గుంజిండు. అక్క సూసిందంట.’

మొదటి చిక్కు ‘మొన్న’. శిష్టభాషలో అది నిన్నటికి ముందురోజు. తెలంగాణ పల్లెలో ఈమధ్య గడిచిన ఏ రోజైనా మొన్ననే. తారీఖు పట్టుకొని ప్రశ్నించే డిఫెన్సు న్యాయవాదికి ఈ ఒక్క మాట చాలు, పాప అబద్ధమాడుతున్నదని నిరూపించడానికి. ‘అంబటాళ్ళు’ అంబలి తాగే పొద్దు. గడియారంలో దానికి ఖచ్చితమైన అంకె లేదు.

‘తోల్కపోయిండు’, ‘గుంజిండు’ అన్నవి రెండు వేరు క్రియలు. మొదటిదానిలో వెంటబెట్టుకొని పోవడం, రెండోదానిలో బలప్రయోగం ఉన్నాయి. వాటి మధ్య ‘రానంటే’ అన్న నిరాకరణ ఉంది. పాప చెప్పిన క్రమమే నేరం జరిగిన క్రమం. ఇంగ్లీషు రికార్డులో ఈ రెండూ ‘తీసుకువెళ్ళాడు’ అనే ఒక్క క్రియగా కుదించుకుపోతే బలప్రయోగమూ పోతుంది, నిరాకరణా పోతుంది.

అన్నిటికన్నా కీలకమైనది ‘మామ’. మేనమామ మామే, అత్త మొగుడు మామే, వాడకట్టులోని పరాయి మనిషీ మామే. పోక్సో చట్టం 5వ సెక్షన్ ప్రకారం రక్తసంబంధం, దత్తత, వివాహం, సంరక్షకత్వం వల్ల బంధువైనవాడు చేసిన నేరం తీవ్రతరమైనది. శిక్ష పెరుగుతుంది. వరసపెట్టి పిలవడం మన సంస్కృతి అని పాఠాల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ వరసే న్యాయస్థానంలో ఒక సెక్షన్‌ను మార్చగలదు. ఇక్కడ సర్కారు వకీలు అడిగించవలసిన ప్రశ్న రెండే మాటలు: ‘ఏ మామ?’ అది సూచక ప్రశ్న కాదు, జవాబును పాప నోట్లో పెట్టదు. ఆ రెండు మాటలు అడగాలంటే ముందు ఆ పలుకుబడి తెలిసి ఉండాలి.

చివరిది ‘సూసిందంట’లోని ‘అంట’. తాను చూసినదానికీ విన్నదానికీ మధ్య తెలుగు వ్యాకరణం గీసిన గీత అది. మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలన్న సాక్ష్యచట్ట సూత్రాన్ని పాప తనకు తెలియకుండానే పాటించింది. అనువాదంలో ‘అంట’ రాలిపోతే, విన్నమాటను చూసినట్లు చెప్పిందన్న నింద ఆమె మీద పడుతుంది.

ఎవరి వకీలు?

2004లో ‘సాక్షి’ కేసులో (పిటిషన్ వేసిన స్వచ్ఛంద సంస్థ పేరే అది) డిఫెన్సు వేయదలచిన ప్రశ్నలను న్యాయమూర్తికి రాసి ఇవ్వాలనీ, న్యాయమూర్తి వాటిని తేలికమాటల్లో బాధితులకు వేయాలనీ సుప్రీంకోర్టు నిర్దేశించింది. పోక్సో 33వ సెక్షన్ ఆ పద్ధతిని రెండు పక్షాలకూ వర్తింపజేసింది. సర్కారు వకీలైనా ప్రశ్నను న్యాయమూర్తికే అందించాలి. పిల్లలను పదేపదే కోర్టుకు పిలవరాదు, దబాయించి అడగరాదు. ముద్దాయి కంటపడకుండా 36వ సెక్షన్ కాపాడుతుంది. ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరుకు ఏడేళ్ళ న్యాయవాద అనుభవం ఉండాలని 32వ సెక్షన్ అడుగుతుంది. ఏ మాండలికం వచ్చో అడగదు.

గ్రామాల్లో సర్కారు వకీలును ‘మన వకీలు’ అనుకుంటారు. నిజానికి ఆయన రాజ్యం తరఫున నిలబడతాడు, పాప తరఫున కాదు. పాపకు సొంత న్యాయవాది సాయం 40వ సెక్షన్ ఇచ్చిన వేరే హక్కు. ఈ తేడా బయటపడేది ఊళ్ళో రాజీ కుదిరినప్పుడు. ఈ నేరాల్లో రాజీకి చట్టం ఒప్పుకోదు. అయినా పెద్దమనుషులు కూర్చుంటారు, తప్పు కట్టిస్తారు. ఇంటివాళ్ళు ‘నీకేం యాది లేదని చెప్పు బిడ్డా’ అంటారు. బోనులో పాప మౌనం వహిస్తే ప్రాసిక్యూషన్ ఆమెను ‘హోస్టైల్’ సాక్షిగా ప్రకటించమని కోరవచ్చు. తెలుగులో దానికి ‘ఎదురుతిరిగిన సాక్షి’ అంటున్నాం. ఎనిమిదేళ్ళ బిడ్డ ఎవరికి ఎదురు తిరిగింది? ఎదురు తిరగలేకపోవడమే కదా ఆమె స్థితి. ఆ మాట ప్రక్రియకు సరిపోవచ్చు, బిడ్డకు సరిపోదు.

మాటల మీద ఇంత శ్రద్ధ చట్టానికి పరాయిది కాదు. 2015 నాటి బాలల న్యాయచట్టం 3వ సెక్షన్ నింద ధ్వనించే మాటలు పిల్లల విషయంలో వాడకూడదనడాన్ని ఒక సూత్రంగా చేర్చింది. 1986 చట్టంలోని నేరస్థ ముద్ర 2000 నాటికే తొలగిపోయింది. మన పత్రికలు ఇప్పటికీ ‘బాలనేరస్థుడు’ అని రాస్తాయి. ‘చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలుడు’ అన్న అధికారిక అనువాదం నోరు తిరగనిది కావడం అందుకు ఒక కారణం. ఆ తప్పు విలేకరులది ఒక్కరిదే కాదు, పలికే మాటను తయారు చేయని తెలుగు శాఖలది కూడా. బాలల న్యాయమండలిలో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుంటారు, వారిలో ఒకరు స్త్రీ. అక్కడ సర్కారు వకీలు పని నేరం రుజువు చేయడంతో ముగియదు. పద్దెనిమిదేళ్ళలోపు బిడ్డకు దురుద్దేశం లేదనే భావనతో మొదలుపెట్టమని అదే 3వ సెక్షన్ చెబుతుంది.

వేగం గురించి ఒక మాట. 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసికందుపై జరిగిన ఘోరంలో ఆగస్టు 8నే మరణశిక్ష పడింది. నవంబరులో హైకోర్టు దాన్ని జీవితఖైదుగా మార్చింది. పత్రికలు రోజులు లెక్కపెట్టాయి. మాట రాని బిడ్డ కేసులో ప్రాసిక్యూషన్ మొత్తం పెద్దల సాక్ష్యం మీదా భౌతిక ఆధారాల మీదా నడుస్తుంది. మాట వచ్చిన బిడ్డ కేసుకు ఆ కొలత చాలదు. సాక్ష్యాన్ని ముప్పై రోజుల్లో నమోదు చేయాలని 35వ సెక్షన్ అంటున్నది గనుక వేగమూ కావాలి. ఆ ముప్పై రోజుల్లోనే పాప భాష నేర్చుకోవడమూ కావాలి.

ఈ పనికి మన దగ్గర నమూనా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలను ఊరూరా తిరిగి సేకరించింది. తరువాతి సంపుటం చేనేతకు దక్కింది. నాగలి భాగాలకు జిల్లాకొక పేరు మనకు తెలుసు. శరీరానికీ భయానికీ పొద్దుకూ వరసకూ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలు వాడే మాటల పట్టికను ప్రాసిక్యూటరు బల్లమీద పెట్టే పరిశోధన ఆ శ్రేణిలో తరువాతి సంపుటం కావాలి. దానికి కావలసిన క్షేత్రపర్యటన పద్ధతి, లిప్యంతరీకరణ పద్ధతి ఎం.ఏ. పాఠ్యప్రణాళికలో ఎప్పటినుంచో ఉన్నాయి.