అన్నము పెట్టుటయే చాలునా?

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట పుణ్యకార్యమని మన యిండ్లలో పసిబిడ్డలకు సైతము నేర్పుదుము. ఆ యన్నమును ఎట్లు పెట్టవలయునో, తినువాని మాట వినవలయునో అక్కఱలేదో నేర్పువారు మాత్రము అరుదు. యుద్ధముచే ఇల్లువాకిలి విడిచి పరదేశమునకు పాఱిపోయిన కాందిశీకుల విషయమున ఈ ప్రశ్నను సూటిగా అడిగిన గ్రంథమొకటి కలదు. బార్బరా హారెల్-బాండ్ అను అమెరికా దేశపు మానవశాస్త్రజ్ఞురాలు రచించిన ఆ గ్రంథము పేరు "ఇంపోజింగ్ ఎయిడ్". ఇది 1986వ సంవత్సరమున ప్రకటింపబడినది. నెత్తిన రుద్దిన సాయమని ఆ పేరునకు అర్థము చెప్పవచ్చును.

1979వ సంవత్సరమున ఉగాండా దేశములో ఈదీ అమీను ప్రభుత్వము కూలిపోయెను. అమీను పక్షమువారను కోపముతో క్రొత్త సైనికులు పశ్చిమ నైలు ప్రాంతపు ప్రజలపై పగ తీర్చుకొనిరి. ప్రాణములు దక్కించుకొనుటకై జనులు గుంపులు గుంపులుగా ఎల్లలు దాటిరి. వారిలో అనేకులు నాటి సూడాను దేశపు దక్షిణభాగమునందలి యేయ్ నదీమండలము చేరిరి. 1980 తరువాతి తొలి యేండ్లలో గ్రంథకర్త్రి అచ్చటికి స్వయముగా పోయి, కాందిశీకుల కుటుంబములను విచారించి ఈ గ్రంథము వ్రాసెను.

ఆమె చూచిన వింత యిది. సహాయసంఘముల నివేశనములలో ధాన్యము ఉచితముగా దొరకుచుండగా, అనేకులు అచ్చటికి పోక, సరిహద్దు పల్లెలలో కూలి చేసికొనియు, దొరకిన నేల సాగుచేసికొనియు బ్రతుకుటకే యత్నించిరి. వేఱు దారి లేకపోయిన పిమ్మట గాని నివేశనముల త్రోవ పట్టలేదు. ఉచితాన్నమును మనుష్యుడేల తప్పించుకొని తిరుగును? గ్రంథమునకు ఈ ప్రశ్నయే మూలము. నివేశనమున ఎచ్చట నుండవలయునో, ఏమి తినవలయునో, సాయము ఎన్నాళ్లు అందవలయునో అన్నియు పరులే నిర్ణయింతురు. సంఘములు లెక్క చెప్పుకొనునది దూరదేశపు దాతలకు. తినువారిని అడుగువారు లేరు.

ఈ సంగతి మన పాఠకులకు బొత్తిగా క్రొత్త కాదు. దిక్కులేక పుట్టింట చేరిన వితంతువునకు కూడుగుడ్డలకు లోటు లేకున్నను, వంటయింటి తాళపుచెవి మొదలు తన బిడ్డ చదువు వఱకు దేనియందును ఆమె మాటకు చెల్లుబడి లేని యిండ్లను మన పెద్దలు చూచిరి. ఆ యింటివారు క్రూరులు కారు. తాము పెట్టుచున్నామను తృప్తియే వారి కన్నులకు గంతలు కట్టినది. కాందిశీకురాలు తనకిచ్చిన ధాన్యములో కొంత అమ్మి ఉప్పో సబ్బో కొన్నచో దానిని మోసమందురు. తన యింట అట్లే సర్దుకొను గృహిణిని నేర్పరి యందురు!

గ్రంథమున లోపము లేకపోలేదు. వేలకొలది జనులు ఒక్కమాఱుగా వచ్చిపడిన వేళ రాత్రింబగళ్లు శ్రమించు సేవకులను ఆమె ఒక్కొక్కయెడ మిక్కిలి కఠినముగా తూచినట్లు నాకు తోచినది. అంతకన్న పెద్ద అపాయము పాఠకునియందే యున్నది. లోభియగువాడు ఈ పుస్తకమును మూసి, "సాయము జనులను సోమరులను జేయును, కావున ఇయ్యకుండుటయే మేలు" అనగలడు. గ్రంథకర్త్రి ఆ సోమరితనపు వాదమును పరీక్షింపక అంగీకరించినది కాదు. అడిగి యిండని ఆమె బోధ. తగ్గించి యిండని ఆమె ఎన్నడును చెప్పలేదు.

ఈ భేదము ఎంత ముఖ్యమో కాలమే చూపినది. 2011లో దక్షిణ సూడాను స్వతంత్రదేశమయ్యెను. 2013లో అచ్చట అంతర్యుద్ధము పుట్టెను. 2016లో అది యేయ్ ప్రాంతమునకు ప్రాకెను. ఒకనాడు ఆశ్రయమిచ్చిన నేలవారే ఆశ్రయము కోరుచు ఉగాండాలోని ఆ పశ్చిమ నైలు ప్రాంతమునకే పరుగిడిరి. 2016 ఆగస్టులో అచ్చట వెలసిన బిడిబిడి నివేశనమున కొన్ని నెలలలోనే 2,50,000కు మించిన జనులు చేరిరి. 2006 నాటి ఉగాండా చట్టము కాందిశీకులకు పనిచేయుటకును, దేశమున సంచరించుటకును హక్కు నిచ్చినది. సాగునకు చిన్న చెక్క నేలయు ఇచ్చిరి. గ్రంథకర్త్రి కోరిన స్వేచ్ఛలో చాలభాగము ఇదియే. కాని 2020 ఏప్రిలులో, ధనము చాలదని, ప్రపంచ ఆహార కార్యక్రమమువారు ఉగాండాలోని కాందిశీకుల భత్యమును నూటికి 30 వంతులు తగ్గించిరి. గుప్పెడు నేల ఆ లోటును ఎట్లు పూడ్చును?

కావున స్వేచ్ఛలేని యన్నము ఎట్లు అసంపూర్ణమో, అన్నములేని స్వేచ్ఛయు అట్లే అసంపూర్ణము. మొదటి పాఠమును ఈ గ్రంథము నేర్పును. రెండవదానిని గ్రంథము మూసిన పిమ్మట మనమే జ్ఞప్తియందుంచుకొనవలయును. యుద్ధపీడితులకై ఎవరేని చందా యడుగవచ్చినపుడు చేయి ముడువవలదు. ఇచ్చుచు నొక్క ప్రశ్న మాత్రము వేయుడు: "అయ్యా, ఈ సొమ్ము లెక్క మాకు చూపుదురు సరే, తినువారికి చూపుదురా? వారికేమి కావలయునో వారిని అడిగితిరా?" ఈ ప్రశ్నకు విసుగుకొనక బదులు చెప్పిన సంఘమునకు రెండవమాఱును ఇండు.