డీజిల్ గొలుసుకు ఏడు కోతలు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో లారీ మెకానిక్ షెడ్ల ముందు నేల జిడ్డుపట్టి నల్లబడి ఉంటుంది. వాన నీరు అందులోకి సరిగా ఇంకదు, గింజ వేస్తే మొలవదు. ఆ మట్టిని బాగుచేయగల పనివాళ్లు మట్టిలోనే ఉన్నారు. సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియాలే వాళ్లు.

డీజిల్‌లో ఎక్కువ భాగం పది నుంచి ఇరవై దాకా కార్బన్లున్న గొలుసులు. నూనె నీటిలో కలవదు కనుక బ్యాక్టీరియా ముందు సబ్బులాంటి పదార్థాన్ని వదిలి దాన్ని సన్నని బొట్లుగా విడదీస్తుంది. తర్వాత ఒక ఎంజైము గొలుసు కొసను పట్టుకుంటుంది. ఆక్సిజన్ అణువులోని ఒక పరమాణువును ఆ కొసకు తగిలించి, రెండోదాన్ని నీరుగా మారుస్తుంది. కొస ఆల్కహాలై, ఆపైన కొవ్వు ఆమ్లం అవుతుంది. ఇక అక్కడి నుంచి రెండేసి కార్బన్ల చొప్పున కోత. 16 కార్బన్ల సిటేన్‌కు ఏడు కోతలు పడితే ఎనిమిది సమాన ముక్కలు. వాటిలో కొన్ని బ్యాక్టీరియా ఒంట్లో చేరతాయి, మిగతావి కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా పోతాయి.

ముడి చమురు మడ్డిలో వలయాల అణువులు, తారు కూడా ఉంటాయి. దానికి ఒక్క జాతి చాలదు. ఢిల్లీలోని టెరి సంస్థలో బన్వారీ లాల్ బృందం ఐదు రకాలను కూర్చి ‘ఆయిల్‌జాపర్’ తయారుచేసింది. గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెల పొడికి వాటిని పట్టించి వాడతారు. చమురు శుద్ధి కర్మాగారాల మడ్డి మీద ఇది పనిచేసింది.

మిగతాది మనిషి వంతు. చెడిన మట్టిని తవ్వి, నీరు దిగని షీటు మీద పలచగా పరచాలి. నూనెలో కార్బన్ పుష్కలం, నత్రజని, భాస్వరం కరువు. అందుకే నూరు పాళ్ల కార్బన్‌కు పది పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం అందేలా ఎరువు వేయాలన్నది వాడుకలో ఉన్న లెక్క.

ఇక్కడి నల్లరేగడితో అసలు చిక్కు గాలి ఆడకపోవడం. తడిస్తే ఉబ్బి సందులు మూసుకుంటాయి, ఎండితే గడ్డకట్టి బ్యాక్టీరియా పని ఆగుతుంది. కాబట్టి బుడ్డల (వేరుశనగ) పొట్టు కలిపి మట్టిని గుల్లపరచి, పదును చూసి తిరగేస్తుండాలి. పిడికిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు, వేలితో తడితే విడిపోవాలి. రేగడి రైతుకు ఇది కొత్త విద్య కాదు. దానికి తోడు చమురు ఎంత తగ్గిందో ల్యాబ్‌లో కొలిపించుకుంటూ ఉండాలి.

డీజిల్ కరగడానికి నెలలు పడుతుంది, తారుకు ఇంకా ఎక్కువ. సీసం వంటి లోహాలను మాత్రం ఏ బ్యాక్టీరియా కరిగించి మాయం చేయలేదు. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో అవి కూడా ఉంటాయి. షెడ్ల యజమానులు దాన్ని నేల మీద పారబోయకుండా డబ్బాల్లో పట్టి రీసైక్లింగ్‌కు ఇవ్వాలి.