రేపు వచ్చే ఆయా కోసం

పెద్దవాళ్ల డే కేర్ అనగానే భజనలు, క్యారమ్స్, మధ్యాహ్నం భోజనం గుర్తొస్తాయి చాలామందికి. మాకు మాత్రం వాటితో సమానంగా ఫైళ్లతోనూ పొద్దు గడుస్తుంది. హైదరాబాద్‌లో పిల్లలు ఆఫీసుకు వెళ్తూ అమ్మనో నాన్ననో మా దగ్గర దించి, సాయంత్రం వచ్చి తీసుకెళ్తారు. మధ్యలో ఆ మనిషి ఎలా ఉన్నారో చెప్పడానికి మేం రాసిన కాగితం తప్ప వేరే సాక్ష్యం లేదు. ఈ పనిలో ఉండి నేను గట్టిగా నమ్మే మాట ఒక్కటే: ఫైలు రాయాల్సింది తనిఖీకి వచ్చేవాళ్ల కోసం కాదు, రేపు పొద్దున్న కొత్తగా డ్యూటీలో చేరే ఆయా కోసం.

ఎందుకంటే ఆయాలు ఎక్కువ కాలం నిలవరు. జీతం చాలకో, ఇంటి దగ్గర ఎవరికో బాగోలేకో మానేస్తారు. తాతగారికి ఎడమ చెవి వినపడదు, కుడివైపు నుంచే పలకరించాలి. మామ్మగారు నీళ్లు గబగబా తాగితే పొలమారుతుంది, గుటక గుటకగా తాగించాలి... ఇలాంటివన్నీ ఆయాకు తెలుసు. కాగితం మీద పెట్టకపోతే ఆయాతోపాటే అవీ గేటు దాటిపోతాయి.

కానీ రిజిస్టర్లు తెరిచి చూడండి. ‘తిన్నారు, పడుకున్నారు, బాగానే ఉన్నారు’ అని అందరి పేర్ల ఎదురుగా ఒకే పెన్నుతో, ఒకే వరసలో ఉంటుంది. సాయంత్రం బ్యాగులు సర్దుకునే వేళ కూర్చుని రాసేసిందని చూడగానే తెలిసిపోతుంది. దాని బదులు ఇలా ఉందనుకోండి:

‘12.40: అన్నం సగం వదిలేశారు. పప్పు మెత్తగా కలిపి పెడితే నాలుగు ముద్దలు తిన్నారు. 2.10: కుర్చీలోంచి లేవగానే తూలారు. పట్టుకుని కూర్చోబెట్టాం. బీపీ కూర్చున్నప్పుడు 138/80, నిలబడ్డాక 112/70. సిస్టర్‌కి చెప్పాం.’

ఇది చాలు డాక్టరుకు. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు బీపీ పై అంకె 20 గానీ అంతకుమించి గానీ పడిపోతే పట్టించుకోవాల్సిందే. ఒంట్లో నీరు తక్కువైందా, బీపీ మాత్ర మోతాదు ఎక్కువైందా అని ఆయన చూసుకుంటారు. ఈ రెండు వరసలు ఆ పెద్దాయన తుంటి ఎముకను కాపాడవచ్చు.

మా కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే: కంటితో చూసింది రాయండి, మీకు అనిపించింది కాదు. ‘మొండికేశారు’ అని రాస్తే ఆ మనిషికి ఓ ముద్ర పడుతుంది, అంతే. ‘బాత్రూమ్‌కి రమ్మంటే చెయ్యి విదిలించారు, మగ అటెండెంట్ వచ్చాక వెళ్లారు’ అని రాస్తే మర్నాడు ఎవరిని పంపాలో తెలుస్తుంది. తప్పు రాస్తే వైట్నర్ పూయొద్దు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, టైము వేసి సంతకం పెట్టండి.

రోజూ రాయడం వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. ‘మతిమరుపేగా, ముదిరింది’ అని ఇంట్లో సరిపెట్టుకునే మార్పులన్నీ మతిమరుపువి కావు. మొన్నటిదాకా మనవరాలి పేరు చెప్పిన ఆవిడ ఉన్నట్టుండి ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడితే, అది యూరిన్ ఇన్‌ఫెక్షన్ కావచ్చు, కొత్తగా మొదలెట్టిన మాత్ర కావచ్చు, మలబద్ధకం కూడా కావచ్చు. వీటికి మందుంది. అయితే ఆవిడ మొన్న ఎలా ఉన్నారో రాసి ఉంటేనే ఇవాళ్టి తేడా పట్టుబడుతుంది. బరువూ అంతే. నెలలో 5 శాతం తగ్గితే ప్రమాద సూచన. నెలనెలా తూచి రాయనిచోట ఆ తగ్గుదల బట్టలు వదులయ్యేదాకా ఎవరి కంటా పడదు.

ఇక కేర్ ప్లాన్. ‘హుషారుగా ఉంచాలి’ అన్నది ప్లాన్ కాదు, దీవెన. ‘వాకర్‌తో హాలు నుంచి బాత్రూమ్ దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవాలి, వారానికి మూడుసార్లు ఫిజియో, నెల తర్వాత చూడాలి’ అంటే ప్లాన్. మూణ్నెల్లకోసారి తిరగరాయాలి. ఆసుపత్రిలో ఉండి వస్తే వచ్చిన రోజే తిరగరాయాలి. అది తెలుగులో, ఒక్క పేజీలో ఉండాలి. చదవాల్సిన ఆయాకు అర్థం కాని ఇంగ్లీషు ప్లాన్ బీరువాకే పనికొస్తుంది.

కొలతలు కావాలి, కాదనను. తినడం, నడవడం, మెట్లెక్కడం వంటి పది పనులకు మార్కులు వేసే బార్తెల్ సూచీ 1965 నుంచి వాడుకలో ఉంది. నూటికి నూరు వచ్చినంత మాత్రాన మనిషి ఒంటరిగా బతకగలడని కాదని, వంట చేసుకోలేకపోవచ్చని దాన్ని తయారుచేసినవాళ్లే ఆనాడే చెప్పారు. అందుకే మార్కుల పక్కన మనిషి మాట కూడా ఉండాలి. చేర్చే రోజు ఫారం నింపేది పిల్లలే. ‘నాన్నకు ఏ ఆసక్తీ లేదు’ అని రాస్తారు. పక్కకు పిలిచి ఆయన్నే అడిగితే, పేపరు చదవాలనే ఉంది గానీ అక్షరాలు మసగ్గా కనిపిస్తున్నాయంటారు. అప్పుడు ప్లాన్‌లో మొదటి వరస కంటి పరీక్ష అవుతుంది.

మరో మాట. ఈ ఫైలులో మూత్రం ఆగకపోవడం దగ్గర్నుంచి కోడలితో మాటల్లేకపోవడం దాకా అన్నీ ఉంటాయి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం మాట అటుంచి, మామ్మగారికి అన్నం తినిపిస్తున్న ఫొటోను ఆవిణ్ని అడక్కుండా వాట్సాప్ గ్రూపులో పెట్టడం మర్యాద కాదు. అమెరికాలో ఉన్న కొడుక్కి అమ్మ సంగతి తెలియాలి, నిజమే. అది ఆయనొక్కరికే ఫోన్లో చెప్పొచ్చు.

అమ్మానాన్నల్ని డే కేర్‌లో చేర్చాలనుకునేవాళ్లకు నా మనవి. గోడల రంగులు, ఏసీ గదులు చూశాక, పేర్లు కప్పేసి ఒక రిజిస్టర్ పేజీ చూపించమని అడగండి. ప్రతి వరసలో ‘బాగానే ఉన్నారు’ అని ఉంటే ఇంకో చోటు వెతకండి. చోటు దొరికాక, మీ అమ్మకు ఏది ఇష్టం, దేనికి భయం, ఏమని పిలిస్తే పలుకుతుందో ఆవిణ్నే అడిగి ఒక పేజీ రాసి ఇవ్వండి. ఏ సిస్టరూ, ఏ డాక్టరూ మీ బదులు రాయలేని పేజీ అది.